అర వాటా మనిషి

చిట్టమ్మ తన మొగుణ్ణి చూసేసరికి వల ఇంకా సగం సముద్రంలోనే ఉంది.

ఎడమ తాడు పొడుగునా ఆడవాళ్ళే. ఒక్కొక్కరూ నడుముకి కట్టుకున్న చిన్న తాడు కొసని పెద్ద తాడుకి మెలివేసి, మడమలు ఇసకలో దిగేసి, వెనక్కి వాలి లాగుతున్నారు. అలా లాగుతూ గట్టు దాకా వెళ్ళినవాళ్ళు మెలిక విప్పుకుని, మళ్ళీ నీళ్ళ దగ్గరికి పరుగెత్తుకొచ్చి తాడు అందుకుంటున్నారు. తాడు కొసన గంగాలమ్మా, ఇంకో ముసలమ్మా ఒడ్డుకి చేరిన తాడుని చేరినట్టే చుట్టలు చుట్టి పేరుస్తున్నారు. చిట్టమ్మ నీటి అంచున ఉండి లాగుడు పాటకి ముందు మాట అందిస్తోంది. ఆమె గొంతు లేచినప్పుడు అందరి నడుములూ వెనక్కి వాలతాయి. ఆమె గుక్క తిప్పుకున్నప్పుడు అందరూ ఊపిరి తీసుకుంటారు. కుడి తాడు మీద పేటలో మిగిలిన ముసలివాళ్ళూ, మరికొందరు ఆడవాళ్ళూ ఉన్నారు. రెండు తాళ్ళూ ఒకే జోరున రాకపోతే వల ఒక పక్కకి ఒరిగి చేప జారిపోతుంది. అందుకని చిట్టమ్మ ఒక కన్ను ఎప్పుడూ కుడి తాడు మీదే ఉంచుతుంది.

ఆ కన్నుకే ఎల్లాజీ కనపడ్డాడు. సరుగుడు తోట దాటి, ఇసక దిబ్బ దిగి వస్తున్నాడు. తెల్లారకుండానే రోడ్డు మీద లారీ ఎక్కి ఉక్కు ఫ్యాక్టరీ పనికి వెళ్ళిన మనిషి. పొద్దుగూకితే గాని తిరిగి రాడు. బూట్ల లేసులు రెండూ కలిపి ముడేసి మెడలో వేసుకున్నాడు. చేతిలో కమ్మీలు కట్టే పనిముట్ల సంచి ఉంది. ఆ సంచి ఎప్పుడూ పని దగ్గర షెడ్డులోనే ఉండాలి. అతని వెనకే గంగరాజు, ఆ వెనక పేట మొగాళ్ళు ఇంకొందరు వస్తున్నారు. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది.

చిట్టమ్మ గొంతు ఆగిపోయింది. తాడు మొత్తం వదులై నీళ్ళలో పడింది.

"ఏటే సిట్టీ, నిలబడిపోనావు?" అంది వెనకనుంచి పోతమ్మ. "అవతలోలు లాగీత్తన్నారు."

చిట్టమ్మ మళ్ళీ గొంతెత్తింది. వల ఒడ్డు చేరేదాకా మరి అటు చూడలేదు. ఎల్లాజీ పొడి ఇసకలో గొంతుక్కూర్చున్నాడు. అలా వచ్చిన మనిషి మాట వరసకైనా వచ్చి తాడు మీద చెయ్యి వేస్తాడు. అతను వెయ్యలేదు. బూట్లు గుండెల మీద ఆడుతుంటే వాటిని ఒక చేత్తో పట్టుకుని, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు.

వల నిండా నెత్తళ్ళ చేపలు పడ్డాయి. వల ఆసామి దాలయ్య తట్టతో కొలిచి కుప్పలు పోశాడు. చిట్టమ్మ తన కుప్ప గంపకెత్తుకుని మొగుడి దగ్గరికి వచ్చింది.

"ఏటి, ఒంట్లో బాగునేదా?" అంది, సంగతి తెలిసే.

"ఆపీసినారు."

"మిమ్మల్నేనా, అందర్నీనా?"

"మా కంట్రాక్టరు కింద అందర్నీ. ఆయనకి బిల్లులు రానేదట. పనుంటే కబురెడతారంట." మెడలో బూట్లు తడుముకుంటూ, "హెల్మెట్లు లాగీసుకున్నారు. బూట్లు మాయి గాబట్టి ఒగ్గీసినారు," అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు సరిగా కుదరలేదు.

ఇద్దరూ ఇంటి దారి పట్టారు. గంప ఆమె నెత్తిమీద, సంచి అతని చేతిలో. దారిలో ఎదురైనవాళ్ళెవరూ ఏమీ అడగలేదు. అప్పటికే అందరి ఇళ్ళలోనూ అదే మాట నడుస్తోంది.

ఇంటికొచ్చాక చిట్టమ్మ నెత్తళ్ళు కడిగి, ఉప్పూ కారం పట్టించి, పెనం మీద వేయించింది. అంబలి పోసి ముందు పెట్టింది. కూతురు తాయారు బడినుంచి వచ్చి, తండ్రి పగటిపూట ఇంట్లో ఉన్నందుకు సంబరపడి, అతని బూట్లలో కాళ్ళు పెట్టుకుని గడప దాకా టకటకా నడిచింది. ఎల్లాజీ తలొంచుకుని తింటున్నాడు. చిట్టమ్మ ఇంకో నాలుగు చేపలు వెయ్యడానికి చెయ్యి చాపితే, ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇలా తిప్పు."

ఆమె అరచెయ్యి వెలుగుకి తిప్పాడు. వేళ్ళ మొదళ్ళలో వరసగా కాయలు కట్టి, పసుపు కొమ్ముల్లా గట్టిపడ్డాయి. ఎల్లాజీ తన చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాడు. అతని గీతల్లో తుప్పు ఎర్రగా నిలిచిపోయింది. కాయలున్నాయి గాని అవి బొటనవేలి దగ్గర, కట్టుతీగ మెలితిప్పేచోట.

"ఇయ్యి నాయి," అన్నాడు ఆమె కాయలు తడుముతూ. "ఒకప్పుడు."

"ఇప్పుడు నాయి," అంది చిట్టమ్మ. చెయ్యి మాత్రం వెంటనే లాక్కోలేదు.

మర్నాడు సముద్రం పోటెత్తి ఉండడంతో వల వెయ్యలేదు. ఆడవాళ్ళు దాలయ్య ఇంటి ముందు ఇసకలో వల పరిచి, చిక్కుకున్న నాచు ఏరుతున్నారు. దాలయ్య పాక నీడలో కూర్చుని చిరుగులు అల్లుతున్నాడు. ఎడమకాలి బొటనవేలికి వలకన్ను తగిలించి లాగిపట్టి, కుడిచేత్తో నూలుకండె లోపలికీ పైకీ ఆడిస్తున్నాడు. చిట్టమ్మకి అతను సొంత పెదనాన్న. తండ్రి పోయాక ఆమె పెళ్ళి చేసింది అతనే.

గంగరాజు ముందు, తతిమ్మా మొగాళ్ళు వెనక, వచ్చి నిలబడ్డారు. ఎల్లాజీ అందరికన్నా వెనక ఉన్నాడు.

"మావా, మాం వొచ్చీసినాం," అన్నాడు గంగరాజు.

"సూసినాను."

"మరి రేపట్నించి తాళ్ళు మాయేనా?"

దాలయ్య తల ఎత్తలేదు. కన్ను ముడి వేసి, కండె ఇవతలికి లాగి, అప్పుడన్నాడు. "వల ఒక్కటే గదరా. మనుషులు ఎక్కువైనారని సేప ఎక్కువ పడదు. మొగోలు తాళ్ళ కాడికి రండి. ఆడోలు ఎప్పట్లాగే గంపలు మోత్తారు, తాడు సుడతారు. ఆలకి అర వాటా."

నాచు ఏరుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. పోతమ్మ నడుం పట్టుకుని లేచింది. ఆమె దాలయ్యకి మరదలి వరస. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఎవరికీ భయపడే మనిషి కాదు.

"ఎప్పట్లాగే అంటే ఎప్పట్లాగ, బావా? మొన్నటి దాకా మాం పూర్తి వాటా తీసుకున్నాం. అది ఎప్పట్లాగ కాదా?"

"అప్పుడు మనుషులు నేరు పోతమ్మా."

"మాం మనుషులం కామా? మొగోలందరూ లారీ ఎక్కీసినాక నీ వల ఇసకలో పడి ఎండింది. తాడు పట్టండర్రా అన్నావు, పట్టినాం. అర వాటాకే పట్టినాం. కాంకిరీటు మొయ్యడానికి ఆడోలు కావాలనీసి మేస్త్రీ పేటలోకొచ్చినప్పుడు గదా, నువ్వు గుమ్మం గుమ్మానికీ తిరిగి పూర్తి వాటా ఇత్తానన్నావు?"

"అన్నాను. ఇచ్చినాను," అన్నాడు దాలయ్య. "అప్పుడు లారీ మిమ్మల్ని పిలిసింది. లారీ ఇచ్చినంత నానూ ఇవ్వకపోతే ఎల్లిపోదురు. ఇప్పుడు లారీ ఎవుర్నీ పిలవటం నేదు."

అతని గొంతులో కోపం లేదు. గాలి దక్షిణం నుంచి వీస్తోందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. చిట్టమ్మకి అదే ఎక్కువ బాధనిపించింది. తిట్టి ఉంటే ఎదురు తిట్టేది. అబద్ధమాడి ఉంటే నిలదీసేది. ఉన్నమాట అంటే ఏం చేస్తుంది?

దాలయ్య తల ఎత్తి మొగాళ్ళ వెనక్కి చూశాడు. "అల్లుడా, ఎడం తాడు ముందుండీవోడివి నువ్వే గదా. రేపు నువ్వే ఉండు." తరవాత చిట్టమ్మకేసి తిరిగి, గొంతు కొంచెం తగ్గించాడు. "నీ మొగుడే గదే. వాటా మీ కొంపలోకే వొత్తాది."

"ఆయనకొచ్చి నాకు పోద్ది పెదనానా," అంది చిట్టమ్మ. "రెండూ ఒకటెలాగవుద్ది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. దాలయ్య వలకన్ను బొటనవేలికి మళ్ళీ తగిలించుకున్నాడు. ఎల్లాజీ ఔనని గాని కాదని గాని అనకుండా, తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకుని అక్కణ్ణుంచి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం పని వెతుక్కుంటూ గాజువాక దాకా నడిచి వెళ్ళాడు. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాడు. చిట్టమ్మ మంచినీళ్ళు ఇచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఏదైనా ఉందా?"

"ఎక్కడికెల్లినా మా ఓల్లే. ఇటికల బట్టీ కాడ మా షెడ్డోల్లే. కర్రల అడితీ కాడ మా షెడ్డోల్లే. ఒకడి మొకం ఒకడు సూసుకుని వొచ్చీసినాం."

గుక్కెడు నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. చిట్టమ్మ చేట ఊపుతూనే ఉంది.

"నీకెప్పుడూ సెప్పనేదు," అన్నాడు చివరికి. "క్రితం ఎండాకాలం మా రేటు తగ్గించీసినారు."

"కూలీ ఎప్పట్లాగే తెచ్చేవోడివి గదా?"

"ఓటీ సేసి తెచ్చీవోణ్ణి. రైల్లో ఎక్కడెక్కడోలో దిగీసినారు ఆ నెల్లో. గేటు బయట రోడ్డు పొడుగునా కూకునీవోరు, మూటలు పక్కనెట్టుకుని. ఆల్లని ఎవరూ లోనికి పిలవనేదు. ఊరికే అక్కడ కూకున్నారు, అంతే. మేస్త్రీ ఆల్లని మాకు సూపించి, ఇష్టమైతే సెయ్యండి, నేపోతే ఆలున్నారన్నాడు. మేస్త్రీ మంచోడే. ఆయనికీ పైనోల్లు అలాగే సెప్పుంటారు." ఎల్లాజీ కాలి వేళ్ళకంటిన ఇసక దులుపుకున్నాడు. "కమ్మీ కడతన్నంతసేపూ ఈపు మీద ఎవుడో కూకున్నట్టుండీది. ఆల్లని సూత్తే పీకలదాకా కోపం. తిరిగి సూత్తే ఆడు నాలాటోడే. నాకన్నా బక్కోడు."

చిట్టమ్మ చేట ఆపింది.

"ఇయ్యాల పెదమావ నీతో ఆ మాటంటంటే, ఆ రోడ్డు మీద కూకున్నోడు గుర్తొచ్చినాడు," అన్నాడు ఎల్లాజీ. "నీ గేటు కాడ ఇప్పుడు నానే కూకున్నాను గదా."

ఆమె ఏరిన బియ్యం కుండలో పోసి, చేట గోడకి ఆనించి, వచ్చి అతని పక్కన కూర్చుంది. ఇద్దరి భుజాలూ తగిలీ తగలనట్టున్నాయి. లోపల తాయారు ఎక్కాలు పైకి చదువుతోంది. తప్పు చదివినచోట ఇద్దరికీ తప్పని తెలీదు. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు.

తెల్లారేసరికి సముద్రం నెమ్మదించింది. చిట్టమ్మ దండెం మీంచి తన నడుము తాడు తీసింది. రెండేళ్ళ చెమటకి నల్లబడి, మెత్తబడిన తాడు. దాన్ని మొగుడి చేతిలో పెట్టింది.

"నీకు సరిపోద్ది. కొస కొంచెం వొదులుగా కట్టుకో, నేపోతే డొక్క ఒరిసీసుద్ది."

తను గంప అందుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నా ఏడవలేదు. ఎల్లాజీ తాడు చేత్తో బరువు చూసినట్టు చూసి, భుజాన వేసుకుని ఆమె వెనక నడిచాడు.

రేవులో అప్పటికే జనం చేరారు. పడవ ఎడమ తాడు కొస ఒడ్డున వదిలి, సముద్రంలో వంపు తిరుగుతూ వల విడుచుకుంటూ వెళ్ళింది. కుడి తాడు కొస తెచ్చి ఒడ్డునే కొంత దూరంలో పడేసింది. మొగాళ్ళు తాళ్ళ దగ్గరికి జరిగారు. ఆడవాళ్ళు గంపలు పట్టుకుని, వెళ్ళాలో మానాలో తెలియక, మధ్యలో ఆగిపోయారు. దాలయ్య నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రంకేసి చూస్తూ, "ఎల్లాజీ, పట్టు," అని కేకేశాడు.

ఎల్లాజీ భుజం మీంచి తాడు తీశాడు. రెండడుగులు వేసి చిట్టమ్మ దగ్గరికి వచ్చి, ఆమె చేతిలోని గంప తీసుకుని ఇసకలో పెట్టి, నడుము తాడు ఆమె చేతికిచ్చాడు.

"మావా, ఎడం తాడు ముందు ఇదే ఉంటాది," అన్నాడు. "నాకు తాడు సుట్టే పనియ్యి."

"ఆ ముసిలమ్మల కాడ కూకుంటావా బావా?" అన్నాడు గంగరాజు, అతను వేళాకోళమాడుతున్నాడనుకుని.

"అక్కడ మనిషి కావాలి. గంగాలమ్మకి సేతులు రావటం నేదు."

దాలయ్య అల్లుణ్ణి ఎగాదిగా చూశాడు. "దానికి అర వాటాయేరా."

"తెలుసు. ఆ పనికి నువ్విచ్చీది అదే గదా."

ఎల్లాజీ మరి ఆగలేదు. గట్టు మీదికి వెళ్ళి ముసలమ్మల మధ్య కూర్చున్నాడు. చిట్టమ్మకి ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచలేదు. అవతల కుడి తాడు కదిలింది. ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆమె నీళ్ళలోకి దిగి, నడుము తాడు కట్టుకుని, పెద్ద తాడుకి మెలివేసి గొంతెత్తింది. పోతమ్మ గంప అక్కడే పడేసి వచ్చి వెనక తగులుకుంది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. మొగాళ్ళు కొందరు ఆడవాళ్ళ మధ్య ఖాళీల్లో తాడు పట్టారు, కొందరు గంగరాజుతో కుడి తాడు మీదికి వెళ్ళారు. దాలయ్య నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. వల నీళ్ళలో ఉండగా తగువు పెట్టుకునే ఆసామి ఎవడూ ఉండడు.

తాడు చుట్టడం కూర్చుని చేసే పని కదా అనుకున్నాడు ఎల్లాజీ. నీళ్ళోడుతూ, ఇసక పూసుకుని, మనిషి బరువున తాడు వచ్చి పడుతుంటే కొద్దిసేపట్లోనే భుజాలు లాగేశాయి. ఉప్పునీళ్ళకి తుప్పు చేతులు మండాయి. రెండుసార్లు చుట్ట జారి కూలిపోయింది.

"అలాక్కాదు బాబూ," అంది గంగాలమ్మ, పళ్ళులేని నోటితో. "ఒకే వాటంగా సుట్టు. నువ్విటోసారి అటోసారి తిప్పీసేవంటే రేపు పడవలో సిక్కడిపోద్ది." వణికే చేత్తో అతని చెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది.

నీటి అంచునుంచి చిట్టమ్మ గట్టు మీదికి ఒక చూపు విసిరింది. మొగుడు వంగి, తాడుతో కుస్తీ పడుతున్నాడు. అతని వెనక చుట్టని తాడు పాములా పోగుపడుతోంది. ఆమె పాట జోరు రవ్వంత తగ్గించింది. పోతమ్మకి అర్థమై, వెనకనుంచి చిన్నగా నవ్వింది. కుడి తాడువాళ్ళు "ఏటే, నిద్రోతన్నారా?" అని అరిచారు. చిట్టమ్మ వినపడనట్టే ఊరుకుంది. తాడు పోగు తరిగాకే మళ్ళీ జోరు పెంచింది.

ఆ రోజు కవళ్ళ చేపలు పడ్డాయి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. దాలయ్య తట్ట పట్టుకుని పంపకానికి వచ్చాడు. ముందు అర వాటాలు తియ్యడం అక్కడి రివాజు. గంగాలమ్మ ముందు అరతట్ట పోశాడు. రెండో ముసలమ్మ ముందు అరతట్ట పోశాడు. మూడోది ఎల్లాజీ.

ఎల్లాజీ మోకాళ్ళ మీద చేతులు ఆనించి, అరచేతులు పైకి పెట్టి కూర్చున్నాడు. తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. దాలయ్య అరతట్ట చేపలు ఇసకలో గుమ్మరించాడు. పక్కకి జరగబోయి, జరగలేకపోయాడు. ఒకప్పుడు ఎడమ తాడు ముందు నిలబడితే ఎల్లాజీ గొంతు కొండకి తగిలి తిరిగొచ్చేది. ఆ మనిషి ముందు ఆ చిన్న కుప్ప చూస్తుంటే దాలయ్యకి ఎలాగో అనిపించింది. ఒక మొగాడి ముందు అర కుప్ప పోయడం అతని చేతులకి అలవాటు లేదు. వంగి, ఇంకో అరతట్ట ముంచి, దాని మీద పోశాడు.

గంగాలమ్మ తన కుప్ప చూసుకుంది. ఎల్లాజీ కుప్ప చూసింది. మళ్ళీ తన కుప్ప చూసుకుంది.

"బావా," అంది పోతమ్మ. గొంతు పెంచలేదు. "ఆ అబ్బాయికి తాడు సుట్టడం ఇందాక నేర్పింది గంగాలమ్మే."

దాలయ్య తట్ట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మెడ మీద చెమట తుడుచుకున్నాడు. తరవాత ఎవరి మొహమూ చూడకుండా వెనక్కి వచ్చి, గంగాలమ్మ కుప్ప మీద అరతట్ట, రెండో ముసలమ్మ కుప్ప మీద అరతట్ట పోశాడు. ఆ పైన తాడు పట్టినవాళ్ళందరికీ, ఆడా మగా చూడకుండా, వరసగా ఒకే కొలత పోసుకుంటూ పోయాడు. కుప్పలన్నీ చిన్నవే అయ్యాయి.

"ఇది ఏ మూలకొత్తాది?" అన్నాడు గంగరాజు తన కుప్ప కాలితో కదుపుతూ. "నాను రేపు సేపల హార్బరుకెల్లిపోతాను. మోటారు బోట్లోలు మనుషుల్ని తీసుకుంటన్నారంట." ఎవరూ వెళ్ళొద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు.

ఇంటి దారిలో చిట్టమ్మ మొగుడి పక్కన నడిచింది. సంతోషపడాలనుకుంది, పడింది కూడా. అయినా మనసు పూర్తిగా కుదుటపడలేదు.

"గంగాలమ్మ నా సిన్నప్పట్నించీ తాడు సుడతంది," అంది చివరికి. "దాని ముందు అర కుప్ప పోసినప్పుడు పెదనాన సెయ్యి ఒక్కనాడూ ఆగనేదు. నువ్వొక్కపూట కూకుంటే ఆగింది."

"తెలుసు," అన్నాడు ఎల్లాజీ. "నా మొకం సూసే ఏసినాడు. నాకూ సిగ్గేసింది."

"నీకేటి సిగ్గు?"

"ఏమో. ఏసింది."

ఆమె అతని అరచేతులకేసి చూసింది. "ఇంటికెల్లి కొబ్బరినూని రాత్తాను. రేపు మండుద్ది," అంది.

ఆదివారం నాడు దయానందం మేస్త్రీ సైకిలు మీద పేటలోకి వచ్చాడు. చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల. సైకిలు చూడగానే నలుగురూ ఇళ్ళలోంచి బయటికొచ్చారు. ఆయన ఎల్లాజీ గుమ్మం ముందే ఆగి, ఒక కాలు నేలకి ఆనించాడు.

"పని మొదలవుతంది ఎల్లాజీ. సోమవారం నించి రా."

ఎల్లాజీ మొహంలోకి వెలుగొచ్చింది. "అలాగేనండి. రేటు?"

దయానందం హ్యాండిలు మీద గంటని వేలితో రాస్తూ, "మొన్నటికన్నా ఇంకొంచెం తగ్గిత్తన్నారు," అన్నాడు. "నా సేతిలో నేదు. గేటు కాడ ఎంతమందున్నారో నువ్వూ సూసే ఉంటావు."

చిట్టమ్మ లోపల కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి. పిలిచి ఏమైనా చెప్పాలనుకుంది. ఏం చెబితే ఏమవుతుందో ఆమెకే తెలియక ఊరుకుంది.

"పాత రేటయితే వొత్తానండి," అన్నాడు ఎల్లాజీ.

ఆ మాట ఇంతకుముందు ఎప్పుడూ అతని నోట రాలేదు. అనేశాక తనే కంగారుపడినట్టు గుమ్మం పట్టుకున్నాడు.

"నేపోతే?"

"నేపోతే ఇక్కడ తాడు సుడతన్నానండి. తిండికి లోటు నేదు."

"తాడు సుడితే ఎంతొస్తాది?" అన్నాడు దయానందం. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

"అందరికీ ఎంతో నాకూ అంతేనండి."

మేస్త్రీ కాసేపు ఆలోచించాడు. "పైనోల్లని అడిగి సూత్తాను," అన్నాడు. "మాటివ్వలేను." పక్క గుమ్మం ముందుకి సైకిలు నడిపించుకుపోయాడు. అక్కడ ఎవరో వస్తానన్నారు. ఆ తరవాతి గుమ్మం ముందు ఎవరో ఎల్లాజీ ఏమన్నాడని అడిగారు. మరి మాటలు వినపడలేదు.

ఎల్లాజీ లోపలికొచ్చి చిట్టమ్మ ఎదురుగా చతికిలబడ్డాడు.

"తప్పు సేసినానేటి?"

"ఏమో," అంది చిట్టమ్మ. చేప తిప్పి రెండోవైపు పొలుసు గీసింది.

"ఆయన మరి రాపోతే?"

"రాపోతే రేపు ఎడం తాడు కాడికి రా. గంగరాజు ఎల్లిపోనాడు గదా, ఆడి సోట్లోకి మనోడొకడు కుడి తాడుకెల్లినాడు, ఇక్కడ సోటుంది. గంగాలమ్మకి సాయం నా మేనత్త కూతురు కూకుంటానంది." కత్తిపీట మీద చెయ్యి ఆపి, ఒక్కసారి అతని మొహంలోకి చూసింది. "నా ఎనక నిలబడు."

"ఎనకా?"

"ముందు నానుంటాను."

ఎల్లాజీ నవ్వాడు. పని పోయాక అతను మనసారా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే వంగి, ఆమె చెంపకంటిన పొలుసు వేలి కొసతో తీసి పక్కన పెట్టాడు. తరవాత ఆమె ముందున్న చేపల్లో సగం తన వైపు లాక్కుని, తలలు తియ్యడం మొదలుపెట్టాడు.